బుజ్జమ్మకు చెప్పిన అబద్ధాలు

అనంతం మాస్టారు ఎవరైనా ప్రశ్న వేస్తే ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు ఇంట్లో దొరకదని ఆయన నమ్మకం.

ఒకనాటి సాయంత్రం శిష్యురాలు హిమజ దిగులుగా వచ్చింది. ఆమె తయారుచేసిన బుజ్జమ్మ అనే మాట్లాడే ఫోను యాప్ రోజూ షుగరున్న జనాన్ని నడవమని, తీపి మానమని బతిమాలుతుంది. అందరూ సరేనంటున్నారు. షుగరు మాత్రం ఎవరికీ తగ్గడం లేదు. అందరిలోకీ మేనమామ ధర్మరాజు సంగతే ఆమెకు గుబులుగా ఉంది. నెలలో షుగరు దిగకపోతే కాలి వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు.

"బుజ్జమ్మ ఇంకెంత ప్రేమగా మాట్లాడాలి మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు ఆమెను వెంటబెట్టుకుని మండపేట బజారులో ధర్మరాజు కాజాల కొట్టుకు వెళ్లి గుమ్మం పక్కన నిలబడ్డారు. లోపల ధర్మరాజు పాకం మూకుడు ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఇంతలో ఫోను పలికింది.

"మావయ్యగారూ, నడిచొచ్చారా? మీ గురించే బెంగగా ఉంది."

"ఇప్పుడే వచ్చేనమ్మా," అన్నాడాయన పీట మీంచి కదలకుండా. ఏం తిన్నారని అడిగితే కీరదోస ముక్కలన్నాడు, కాజా నములుతూనే. బుజ్జమ్మ మురిసిపోయి శభాషంది. భారతంలో ధర్మరాజు జన్మకల్లా ఒక్క అబద్ధమాడి నరకం చూసొచ్చాడు. ఈయన ఒక్క గుక్కలో రెండాడి ఇంకో కాజా తీసుకున్నాడు.

హిమజకు కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. లోపలికి వెళ్లి, వేలు పోతుందన్న భయమైనా లేదా అని నిలదీసింది.

"భయమేనే. కానీ నడవలేదంటే పాపం దాని గొంతు చిన్నబోతాది. అంత అభిమానంగా అడిగే పిల్లని ఎలా నొప్పించమంటావు?" అన్నాడు ధర్మరాజు. డాక్టరుగారికీ ఇవే అబద్ధాలు చెబుతున్నాడట, మనసు కష్టపెట్టుకుంటారని.

అప్పుడు మాస్టారు ముందుకొచ్చారు. నలభయ్యేళ్లుగా ఆ ఊళ్లో పాఠాలు చెప్పిన మనిషి, కాలవ అవతలున్న తన ఇంటికి దారి మర్చిపోయానని, కాస్త దిగబెట్టమని అడిగారు. ధర్మరాజు తెల్లబోయాడు. అయినా పెద్దాయన నోరు తెరిచి అడిగాక కాదనలేక చెయ్యి కడుక్కుని బయల్దేరాడు. మైలు దూరం నడిచి మాస్టారి గేటు దగ్గరకు చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

"రేపు గుర్తుంటాదాండీ?" అన్నాడు ఆయాసపడుతూ.

నమ్మకం లేదన్నారు మాస్టారు. అయితే రేపు కూడా తనే వచ్చి దిగబెడతానని చెప్పి ధర్మరాజు వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. వాళ్ల వెంటే వచ్చిన హిమజ మేనమామ వంకే చూస్తూ నిలబడిపోయింది.

మాస్టారు గేటు గడియ పెడుతూ అన్నారు. "ముందు నీ బుజ్జమ్మకి దారి మర్చిపోవడం నేర్పమ్మా."