కండకు కాపలా

గవరయ్య గానుగలో నూనెకంటే తెలివే ఎక్కువ దిగుతుందని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది గవరయ్యే. పెద్దకొడుకు జోగులు, "మనకి ఒక్కసారి చెబితే చాలు, ఒక్క మాట పొల్లు పోనివ్వం" అనేవాడు. తమ్ముడు పోలయ్య తలూపేవాడు. జోగులు పెళ్ళాం సూరమ్మ ఇద్దరి తెలివికీ కలిపి దిష్టి తీసేది.

అలాంటి గవరయ్యకు కడుపులో పుండు లేచింది. పట్నంలో ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంటికి పంపేముందు డాక్టరుగారు కొడుకుల్నీ కోడల్నీ కూర్చోబెట్టి చెప్పారు.

"ఆపరేషన్ అయిన ఒంటికి గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. తిండి అందకపోతే ఒళ్ళు తన కండ తనే తినేస్తుంది. గుడ్లు, పప్పు, పాలు బాగా పెట్టండి. ఇదిగో, హార్మోను సూదిమందు. చల్లగా దాచండి, రేపట్నుంచి మీ ఊరి నర్సమ్మ వచ్చి వేస్తుంది. తిన్నదాన్ని ఇది కండకు చేరుస్తుంది. కానీ మందు ఒంటరిగా పనిచెయ్యదు, తిండి తోడుండాలి. రెండు వారాల్లో తీసుకురండి. కండ తరిగిందో, మళ్ళీ ఇక్కడే పడుకోబెడతాను!"

ఆస్పత్రి మంచమంటే గవరయ్యకి యముడి దున్నపోతుతో సమానం. "ఒరే, మీకు దణ్ణం పెడతాను, నన్ను మళ్ళీ ఆ మంచం ఎక్కించకండి" అని దారి పొడుగునా బతిమాలాడు.

"మేం లేమా నాన్నా!" అన్నాడు జోగులు.

ఇంకేముంది. ఇల్లు చేరగానే కొత్తకుండలో తడి ఇసుక పోసి, అందులో మందు పెట్టారు. పక్కనే ఉడికించిన గుడ్డొకటి కూర్చోబెట్టారు.

"ఆ గుడ్డు నాకివ్వండ్రా, ఆకలేస్తోంది" అన్నాడు గవరయ్య.

"మందుకి తోడు నాన్నా అది. ఒంటరిగా వదిలేస్తే పనిచెయ్యదుట" అన్నాడు పోలయ్య.

నిజమే కదా అనుకున్నాడు గవరయ్య. ఆకలికి ఆవలింత వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అంతే! సూరమ్మ కెవ్వుమంది. "ఏవండోయ్, మావయ్యగారు చెయ్యి తినేస్తున్నారు!"

జోగులు పరుగున వెళ్ళి గానుగెద్దు మూతికున్న చిక్కం ఊడదీసుకొచ్చాడు. తెలకపిండి తినకుండా ఎద్దుకి కట్టేది అదే కదా, కండ తినకుండా నాన్నకి మాత్రం ఎందుకు పనికిరాదు?

"గట్టిగా బిగించరా" అన్నాడు గవరయ్య. ఆయనా ఆ ఇంటివాడే మరి.

"కంటికి కనిపిస్తేనే కదా నోరూరేది" అని పోలయ్య ఎద్దు గంతలు కూడా తెచ్చి కట్టాడు. ఇక కాడి ఒక్కటే తక్కువ.

ఇంతలో గవరయ్య కడుపు గుర్రుమంది. సూరమ్మ చెవి ఆనించి విని, గుండెలు బాదుకుంది. "అయ్యో అయ్యో, లోపల్నుంచి నమిలేసుకుంటున్నారండీ!"

తిండి పెట్టాలి. పెట్టాలంటే చిక్కం విప్పాలి. విప్పితే కండకి ముప్పు. ముగ్గురూ తలలు పట్టుకున్నారు. చివరికి జోగులుకి తెలివి దిగింది.

"తిండి చేరాల్సింది కండకే కదా? మధ్యలో నోటిదాకా పోవడం ఎందుకు, దారి దండగ!"

అంతే. అరడజను గుడ్లు ఉడకబెట్టి గవరయ్య జబ్బలకి గుడ్డపేలికలతో కట్టారు. పిక్కలకి ముద్దపప్పు మెత్తారు. పాపం గవరయ్యకి గుడ్డు వాసన తెలుస్తోంది, గుడ్డు కనబడదు, కనబడ్డా నోరు తెరిచే వీల్లేదు. పప్పుకోసం చీమలొచ్చాయి, చీమలకోసం కోళ్ళొచ్చాయి. కోడి పొడిచినప్పుడల్లా "కండ పడుతోందర్రా, చురుక్కుమంటోంది!" అని గవరయ్య మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ కరుణకుమారి వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది.

"ఎవరర్రా ఈయన్ని ఇలా చేసింది?"

"మేమే!" అన్నారు ముగ్గురూ గర్వంగా.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! తిండి నోట్లోంచి పోవాలి, నోట్లోంచి! పెట్టేటప్పుడు చిక్కం విప్పాలని కూడా తెలీదూ?"

"ఈ ముక్క డాక్టరుగారు చెప్పలేదమ్మా" అన్నాడు జోగులు, కాస్త నిష్ఠూరంగా.

నర్సమ్మ దగ్గరుండి గుడ్లూ పప్పూ కొత్తగా వండించి తినిపించింది, సూది వేసింది. రోజూ వచ్చింది, రోజూ తిట్టింది. గవరయ్య తిన్నాడు, తిరిగాడు, గానుగ చుట్టూ నడిచాడు. రెండు వారాలకి ఆస్పత్రిలో తూకం వేస్తే ముల్లు పైకి పోయింది. గాయం చక్కగా మానింది.

"భేష్! కండ నిలబడింది. ఇక మంచం అక్కర్లేదు" అన్నారు డాక్టరుగారు.

గవరయ్య ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. సూరమ్మ కళ్ళొత్తుకుంది. డాక్టరుగారికీ మనసు కరిగింది. "మిమ్మల్నిలా చూస్తే నా ఆకలి కూడా మర్చిపోయానయ్యా. పొద్దుట్నుంచీ వరసగా ఆపరేషన్లే, ఒక్క మెతుకు నోట్లో పడలేదు" అంటూ ఆవలించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

నలుగురి మొహాలూ పాలిపోయాయి. ప్రాణం పోసిన మహానుభావుడు కళ్ళముందే తనని తాను తినేసుకుంటుంటే చూస్తూ ఊరుకుంటారా? "గుడ్లు! గుడ్లు!" అంటూ పోలయ్య వీధిలోకి పరిగెత్తాడు. దారిలో నాన్నకి ఆవలింత వస్తే పనికొస్తుందని తెచ్చిన చిక్కమూ గంతలూ జోగులు సంచిలోనే ఉన్నాయి. ఒక్క ఉదుటున చిక్కం తీసి డాక్టరుగారి మూతికి బిగించేశాడు.

"కంగారు పడకండి బాబూ. గుడ్డు రాగానే విప్పేస్తాం. ఇప్పుడు మాకన్నీ తెలుసు!"

డాక్టరుగారు గింజుకుంటుంటే గవరయ్య ఆయన జబ్బ ఆప్యాయంగా నొక్కి చూశాడు.

"ఒరే జోగులూ, మంచి కండగల మనిషిరా. ఆ గంతలు కూడా కట్టెయ్యి."