రాజుగారి తెర మీద నూనె సీసా

ఏమయ్యా, సిగ్గు లేదూ నీకు? వార్త చదువుదామని తెర తెరిస్తే అడగని సరుకు కళ్ల ముందు గెంతుతుంది. వేలితో పక్కకు నెడతావు. మళ్లీ వస్తుంది, మళ్లీ నెడతావు. "ఏం చేస్తాం, కాలం అలా ఉంది" అని నిట్టూరుస్తావు. కాలాన్ని అనకు, నీ బద్ధకాన్ని అను. కొలువు పోయేలా ఉన్నా బెదరకుండా సూరాంబ చేసిన పని నువ్వు తీరిగ్గా కూర్చుని కూడా చేయలేకపోయావు. విను.

నీలగుట్ట రాజు ఉద్దండవర్మకు చూపు ఆనదు. కళ్లజోడు పెడితే కిరీటం అందం చెడుతుందని పట్టు. అందుకని రోజూ పొద్దున్నే సభలో కంప్యూటరు ముందు కూర్చుని వార్తలు చదివి వినిపించే కొలువు సూరాంబది. ఇద్దరు మేనగోడళ్ల పోషణ ఆ కొలువు మీదే.

కంప్యూటరు ముందున్న చదువరి పీట మీద కూర్చునేవాళ్లు ఒక ప్రమాణం చేయాలి: "తెర మీదున్న అక్షరం వదలను, లేని అక్షరం చేర్చను." పూర్వం ఎవడో చదువరి చేదు వార్తలు మింగేసి రాజ్యాన్ని చిక్కుల్లో పడేశాడట. అప్పటి నుంచీ ఆ కట్టుబాటు.

ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకరు ఆ కంప్యూటరులో ఉండేది. ఉన్నట్టుండి ఒక సోమవారం ముప్పు ముంచుకొచ్చింది.

"తూర్పు సరిహద్దున శత్రుసేన కదిలింది," అని మొదలుపెట్టింది సూరాంబ. "సేనాపతి ఏనుగు మీద... మీది బట్టతలా? దిగులు వద్దు! వారంలో జుట్టు మొలిపించే కేశరాజ నూనె! ...ఏనుగు మీద నది దాటుతున్నాడు."

సభంతా రాజుగారి కిరీటం వైపు చూసి, గబుక్కున నేల చూపులు చూసింది. కిరీటం కింద ఏముందో అందరికీ తెలుసు.

"సూరాంబా! ఏమిటిది?"

"తెర మీద ఉంది ప్రభూ. వదలకూడదు కదా."

"రేపు ఆ నూనె మాట నా చెవిన పడిందో, నీ కొలువు ఊడిందే!"

ఆస్థాన యంత్రపండితుడు భైరవుడు జరీ శాలువా సర్దుకుంటూ లేచాడు. "ప్రభూ, నేను పెట్టించిన గరుడ బ్రౌజరుకు లోకంలో సాటి లేదు. ఈవిడ మోటు వేళ్లు పడి యంత్రం చెడింది."

సూరాంబ ఆ మధ్యాహ్నమే పండితుడి ఇంటికి వెళ్లింది. ఆయన ఉయ్యాల బల్ల మీద తన కంప్యూటరులో వార్తలు చూస్తున్నాడు. తెర కడిగిన పలకలా ఉంది, ఒక్క ప్రకటన లేదు. ఆమెను చూడగానే టప్పున మూత వేశాడు.

"అయ్యా, మా బ్లాకరు ఎందుకు పనిచేయడం లేదు?"

"చేస్తోందే! గరుడవాళ్లు కొత్త వెర్షను తెచ్చారు. ఇక బ్లాకరు తన ఇష్టం వచ్చినట్టు ఆపడానికి లేదు. వాళ్లు ఒప్పుకున్న జాబితాలో పేరున్న ప్రకటననే ఆపాలి."

"మరి ఆ నూనెవాడు పూటకో పేరుతో వస్తే?"

"వస్తాడు. గరుడను చేసిందీ, ప్రకటనలు అమ్ముకునేదీ ఒకరే. వాళ్ల పొట్ట వాళ్లే కొట్టుకుంటారా?"

"అయితే వేరే బ్రౌజరు పెట్టుకుంటాను."

"పెట్టు చూద్దాం! ఈ రాజ్యంలో గరుడ తప్ప ఇంకొకటి ముట్టకూడదని నా ఉత్తరువు. వాళ్లు నాకు యంత్రసార్వభౌమ బిరుదిచ్చి ఈ శాలువా కప్పింది ఊరికేనా? వెళ్లవే, వెళ్లు."

సూరాంబ వెనుదిరిగి వచ్చేసింది. అయితే మూత పడేలోపే తెర పై అంచున ఉన్న చిన్న అక్షరాలు ఆమె చదివేసింది. చదవడమే కదా ఆమె పని.

మర్నాడు సభలో ఆమె పీట మీద కూర్చోలేదు.

"ప్రభూ, నా వేళ్లు మోటువన్నారు. ఈవేళ పండితులవారే చదివితే చూసి నేర్చుకుంటాను. నేను చెడగొట్టిన యంత్రం వారికెందుకు? సొంతది తెప్పించుకోమనండి."

పండితుడి మీసం పైకి లేచింది. రాజుగారి యంత్రంలో చదివితే నూనె తన నోటి వెంటే కారుతుంది, తన యంత్రంలో ఆ భయం లేదు. పరుగున తెప్పించాడు.

"ప్రమాణం, అయ్యా," అంది సూరాంబ వినయంగా.

సభ అదిరేలా ప్రమాణం చేసి చదివాడు. సేనాపతి నది దాటాడు, ఏనుగు బెదిరింది, దండు వెనుదిరిగింది. మధ్యలో ఎక్కడా నూనె లేదు. సభ చప్పట్లు కొట్టింది.

"చూశావా సూరాంబా! ఇక మూట సర్దుకో," అన్నాడు రాజు.

"సర్దుకుంటాను ప్రభూ. కానీ పండితులవారు ఒక మాట వదిలేశారు. తెర పై అంచున ఉంది."

పండితుడు శాలువా అంచుతో తెర పైభాగం కప్పేశాడు. "అది... అది వార్త కాదు ప్రభూ! ఉత్త బ్రౌజరు పేరు. దాన్ని ఎవరైనా చదువుతారా?"

సూరాంబ చేతులు కట్టుకుంది.

"బట్టతల నూనె కూడా వార్త కాదయ్యా. అయినా నేను చదివాను!"

రాజు సింహాసనం అంచుకు జరిగాడు. "చదువు పండితా. అక్షరం వదలకు."

"హం..."

"ఊఁ?"

"...స."

"హంసా? గరుడ కాదూ?"

"కాదు ప్రభూ," అంది సూరాంబ. "హంసలో బ్లాకరు చేతులు ఎవరూ కట్టేయలేదు. ఏ పేరుతో వచ్చిన ప్రకటననైనా గడప దగ్గరే ఆపుతుంది. అందుకే పండితులవారు ఇంట్లో హంసను ఉంచుకుని, కొలువులో గరుడను పెట్టించారు."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! నీ ఇంటికి ప్రశాంతత, నా బట్టతలకు నూనెనా?" అని అరిచాడు రాజు. ఏమన్నాడో తనకే తట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందు తానే నవ్వాడు. ఆ తర్వాత సభను ఎవరూ ఆపలేకపోయారు.

తాంబూలం నమిలేంత సేపట్లో సూరాంబ రాజుగారి యంత్రంలో హంసను పెట్టింది, దాచుకున్న పేజీలన్నీ అందులోకి చేర్చింది, బ్లాకరు తగిలించింది. వార్తలు మొదటి నుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా చదివింది. రాజు తన ముంజేతి బంగారు కంకణం తీసి ఆమె చేతికి తొడిగాడు.

ఇక పండితుడి సంగతి. ఆయన ఉత్తరువు వల్ల రాజ్యంలోని నూట ఎనభై సర్కారు కచేరీల్లో గరుడే తిష్ఠ వేసింది. ప్రతి కచేరీకీ తానే కాలినడకన వెళ్లి, గరుడను తీసి హంసను పెట్టి రావాలని తీర్పు అయింది. మండే ఎండల్లో చెప్పులు అరిగేలా నడిచాడు. వెళ్లిన ప్రతిచోటా గుమాస్తాలు లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, "పండితులవారూ, ఆ పేరేమిటో ఒక్కసారి చదివి పెట్టండి," అన్నారు. నూట ఎనభై సార్లు చదివాడు.