పొయ్యి వెనక దొంగ అర

పూర్వం ఒక కోటలో గండరాయుడనే కొత్వాలు ఉండేవాడు. లంచంగా పట్టిన నగలు దాచుకోవడానికి వంటింట్లో కొత్త పొయ్యి వేసి, దాని వెనక దొంగ అర కట్టమని, మట్టిపొయ్యిలు వేసే సుంకులమ్మను పిలిపించాడు. అర పూర్తయింది. కొత్వాలే తడిమి వెతికినా దొరకలేదు.

"భేష్! ఇక ఈ రహస్యం నీ నోట బయటపడకూడదు. పదవే, బతికినన్నాళ్లూ చెరసాలే నీకు," అన్నాడు మీసం దువ్వుతూ.

సుంకులమ్మ చేతుల మట్టి దులుపుకుంది. "సరే దొరా. కానీ పొయ్యి వేసిన ముసలిదాన్ని చెరలో ఎందుకేశారని ఊరంతా అడుగుతుంది. ఆ మాట రాజుగారి చెవిన పడితే భటులొచ్చి ముందు మీ పొయ్యినే తవ్వుతారు."

కొత్వాలు మీసం మీది చెయ్యి తీసేశాడు. "మరేం చెయ్యమంటావే?"

"పొయ్యి వేశాక ప్రతి ఇంటి దగ్గరా ఏం చేస్తానో, ఇక్కడా అదే చెయ్యనివ్వండి. అప్పుడెవరికీ అనుమానం రాదు."

"చెయ్యి, చెయ్యి! ఏం చేస్తావు?"

"ఇంటాయన పిసినారితనాన్ని నలుగురిలో తిడతాను."

ఆ సాయంత్రం సుంకులమ్మ వీధివీధీ తిరిగి, "మీసాలకు నెయ్యి, పనివాళ్లకు పాచిగంజి! వీడూ ఒక కొత్వాలే!" అని కేకలు పెట్టింది. జనం పగలబడి నవ్వారు. కొత్వాలు మాత్రం మేడమీద చెవులు రిక్కించుకుని కూర్చుని, తిట్ల జోరు తగ్గినప్పుడల్లా గుండె పట్టుకున్నాడు.