మిరపపొగ పరీక్ష

క్షయ రోగుల సత్రంలో పనివాళ్లకు మంత్రి విరూపాక్షయ్య మూతిగుడ్డలు కుట్టించాడు. అన్నిటికీ ఒకటే కొలత, తన గుమ్మడికాయంత ముఖానిది! అవి వదులై నిలవక, అప్పటికే ఇద్దరు పనివాళ్లు దగ్గుతో మంచం పట్టారు.

సత్రంలో గంజి పోసే సుంకులమ్మ రాజుగారి ఎదుట మంత్రితో సహా అందరికీ ఆ గుడ్డలు కట్టించి, నిప్పుల్లో గుప్పెడు ఎండుమిరపకాయలు వేసింది. పనివాళ్లంతా తుమ్ములతో, దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యారు. మంత్రి ఒక్కడే కులాసాగా నిలబడ్డాడు.

"చూశారా ప్రభూ, గుడ్డలో లోపం లేదు!" అన్నాడు.

"లేదు స్వామీ. తమరి ముఖానికి చక్కగా అతికింది. అందుకని రేపట్నుంచి రోగులకు గంజి తమరే పోయండి," అంది సుంకులమ్మ.

మంత్రి గతుక్కుమన్నాడు. "దర్జీని పిలవండి! ఒక్కొక్కరి ముఖం కొలవండి!"

"మంచిది. అందరికీ కుదిరేదాకా గరిటె నీదే," అన్నాడు రాజు నవ్వుతూ.

సాయంత్రానికల్లా కొత్త గుడ్డలు వచ్చాయి; మళ్లీ వేసిన మిరపపొగలో ఒక్క తుమ్మూ వినిపించలేదు.