రాజుగారు గెడ పట్టిన రోజు

ఒకానొక రాజ్యంలో, గోదావరి కోటమెట్ల దాకా వచ్చి పలకరించి పోయే చోట, ఉద్దండవర్మ అని ఒక రాజుగారు ఉండేవారు. మనిషి చెడ్డవారు కాదు, పెట్టే చెయ్యే. కానీ లోకంలో ఉన్న విద్యలన్నీ తనకే రావాలని ఒక పంతం. అదీ ఏడంటే ఏడు రోజుల్లో రావాలి.

ఏ విద్య మొదలుపెట్టినా ఏడో రోజున సభ చేసి, గురువు చేత "ప్రభువులకు వచ్చింది" అనిపించి, కాలికి ఒక గండపెండేరం తొడిగించుకునేవారు. మహాపండితుడికి జన్మకొకటి దొరికితే గొప్ప. రాజుగారి ఎడమకాలికి అప్పటికే పదకొండు ఉన్నాయి. ఆ చప్పుడుకి, వస్తున్నది రాజుగారో గుర్రమో తెలిసేది కాదు.

మరి విద్యలు వచ్చాయా అంటే ఏం చెప్తాం. వీణ నేర్చినప్పుడు తెర వెనకాల ఇంకో వీణ ఉండేది. కుస్తీ నేర్చినప్పుడు రాజుగారి చెయ్యి తగలకముందే మల్లులు వెల్లకిలా పడేవారు. ఒకడు మరీ తొందరపడి, రాజుగారు ఇంకా కాసె బిగించుకుంటూ ఉండగానే "ఓడిపోయాను" అన్నాడట.

ఆ రాజుగారి పక్కన చిట్టెన్న అని ఒకతను ఉండేవాడు. తాంబూలం పెట్టె పట్టుకోవడం అతని ఉద్యోగం. పొద్దున లేచింది మొదలు రాజుగారికి మూరెడు దూరంలో ఉండేవాడు కాబట్టి, ఆయన కోపం ముక్కు మీదకి రాకముందే కనిపెట్టేవాడు. మాట మెత్తన. లోపల మాత్రం సూది ఉండేది.

ఆషాఢమాసంలో ఒక పొద్దున గోదావరికి ఎర్రనీరు దిగింది. రాజుగారు మేడ మీదకి వెళ్ళి చూశారు. అవతలి ఒడ్డు లేదు. మానులకి మానులే వేళ్ళతో సహా తేలిపోతున్నాయి. ఆ హోరు చెవికి వినపడినట్టు లేదు, రొమ్ము మీద చెయ్యి పెట్టి నొక్కినట్టుంది.

ఆ నీళ్ళ నడుమ ఒక పడవ వస్తోంది.

పడవలో ముప్పై మంది జనం. చివర ఒక ముసలాయన పొడుగాటి వెదురు గెడ పట్టుకుని నిలబడ్డాడు. గెడ అందినంత మేర గెడ, అందని చోట తెడ్డు. నదితో పోట్లాడుతున్నట్టు లేదు. అమ్మా, కాస్త తప్పుకో అని అడిగి దారి తీసుకుంటున్నట్టుంది. ఒక పెద్ద మాను వాళ్ళ మీదకే వచ్చింది. ముసలాయన గెడ ఒక్క బెత్తెడు పక్కకి జరిపాడు. మాను పడవని ఒరుసుకుని వెళ్ళిపోయింది. పడవలో ఒకావిడ పిల్లకి జడ వేస్తోంది, తలెత్తి కూడా చూడలేదు.

రాజుగారు నములుతున్న తాంబూలం మింగడం మర్చిపోయారు.

"చిట్టెన్నా, ఎవరా మనిషి?"

"నూకయ్య, ప్రభూ. కింద రేవు అతనిదే."

"ఈ విద్య నాకు కావాలి," అన్నారు రాజుగారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం పసివాడి ముఖంలా ఉంది. అందులో గొప్ప లేదు, దర్పం లేదు.

నూకయ్యని పిలిపించారు.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు వానాకాలాలు పడతాది, మారాజా. కొందరికి నాలుగు."

"ఏడు రోజులు ఇస్తున్నాం. ఎనిమిదో రోజు నది నడుమ లంకలో అమ్మవారి జాతర కదా. మొదటి పడవలో జనాన్ని మేమే దాటిస్తాం."

నూకయ్య నేల చూశాడు. నేల కూడా ఏమీ చెప్పలేదు.

చదువు మొదలైంది. పెద్దనదిలో కాదు, పక్కన రొమ్ములోతు నీళ్ళున్న చిన్నపాయలో. మంత్రిగారు ముందుచూపు గలవారు. పదిమంది ఈతగాళ్ళని పిలిచి, నోట్లో తామరతూళ్ళు పెట్టించి, నీళ్ళలో ముంచి, పడవ అడుగున నిలబెట్టారు. రాజుగారు గెడ ఎటు ఊపితే వాళ్ళు అటు నెట్టాలి. రాజుగారు ఊపారు. పడవ చక్కగా సాగింది. ఒడ్డున మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

"గెడ మీద బరువు పెట్టకండి మారాజా, పాదం మీద పెట్టండి," అన్నాడు నూకయ్య.

"పడవ వెళుతోంది కదా," అన్నారు రాజుగారు.

నాలుగో రోజు ఒక ఈతగాడికి తూడు జారిపోయింది. బుడుంగుమని తల పైకి తేల్చి, రాజుగారి కళ్ళలోకి చూసి, మళ్ళీ మునిగాడు. రాజుగారు ఆకాశం కేసి చూసి, "రేపు వాన పడేట్టుంది," అన్నారు.

చిట్టెన్న తమలపాకు ఈనె తీస్తూ ఇదంతా చూశాడు.

ఆరో రోజు మధ్యాహ్నం నూకయ్య అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"చిట్టెన్నబాబూ, రేపు సభలో రాజుగారికి వచ్చిందని చెప్పాలంట. చెప్పకపోతే నా రేవు తీసుకుని రాజ్యం దాటిస్తామన్నారు మంత్రిగారు. చెప్పానా, ఎల్లుండి ముప్పై పానాలు గోదారి పాలు. వాళ్ళలో నాకు తెలీని మనిషి లేడు. నేనేం చెయ్యాలి?"

చిట్టెన్న అతన్ని కూర్చోబెట్టి, ఒక తాంబూలం చిలక చుట్టి ఇచ్చాడు.

"ముందు ఇది నమలవయ్యా. మీ పడవవాళ్ళలో ఒకడికి విద్య వచ్చిందని ఎవరు చెప్తారు?"

"ఎవరు చెప్తారు బాబూ, నేర్చినోడే చెప్పాలి. తన పానానికి పానమైన మనిషిని పడవలో ఎదురుగా కూకోబెట్టుకోవాలి. గెడ పట్టుకోవాలి. నాకు వచ్చింది అని పైకి అనాలి. అప్పుడు తాడు విప్పాలి. గురువు నోరు మెదపకూడదు, ఒడ్డున నిలబడి చూడాలంతే."

"అబద్ధం చెప్పినవాడు లేడా?"

"మా తాతల కాలం నించీ ఒక్కడు లేడు. పెళ్ళామో తల్లో ఎదురుగా కూకుని చూస్తా ఉంటే, చేతిలో గెడ ఉంటే, నోరెలా వస్తాది? మా అల్లుడు నాలుగేళ్ళుగా నేరుస్తున్నాడు. రెండుసార్లు మా పిల్లని ఎక్కించాడు. రెండుసార్లూ దింపేశాడు. ఊళ్ళో ఒక్కరు నవ్వలేదు బాబూ."

చిట్టెన్న చేతిలోని ఆకు అలాగే ఉండిపోయింది. ఎంతోమంది పండితుల్ని చూశాడు, ఎన్నో శాస్త్రాల పేర్లు విన్నాడు. గురువు పరీక్ష పెట్టకుండానే శిష్యుడు తనకి తాను పెట్టుకునే ఇలాంటి పరీక్ష మాత్రం వినలేదు.

ఆకు పెట్టెలో పెట్టి అన్నాడు, "ఇంత మంచి ఆచారం ఇంట్లో పెట్టుకుని ఏడుస్తావేమయ్యా? రేపు సభలో అబద్ధమూ చెప్పొద్దు, నిజమూ చెప్పొద్దు. ఈ ఆచారం చెప్పు. చాలు."

మర్నాడు సభలో నూకయ్య చేతులు కట్టుకుని అదే చెప్పాడు. మంత్రిగారు నోరు తెరవబోయారు. చిట్టెన్న ముందుగా అందుకున్నాడు.

"ప్రభూ, పదకొండు విద్యలకి ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చింది. ఈ ఒక్క విద్యకి ప్రభువుల మాటే మాట. ఇంతకన్నా రాజసమైన విద్య ఏముంటుంది?"

రాజుగారి ముఖం విప్పారింది. "బాగుంది. మాకు ప్రాణానికి ప్రాణం మా అమ్మగారు. ఆవిణ్ణే ఎక్కిస్తాం."

మంత్రిగారి ముఖం మాత్రం తెల్లబోయింది. పెద్దనదిలో, ఎర్రనీటిలో, ఏ ఈతగాడు అడుగున నిలబడతాడు? ఆయన బతిమాలితే వాళ్ళు పదిమందీ ఒకటే మాట అన్నారు. "అయ్యా, మేం మునుగుతాం గానీ తేలం."

ఎనిమిదో రోజు తెల్లారింది. రేవులో ఇసక వేస్తే రాలనంత జనం. అంతమంది ఉన్నా గోదారి హోరు తప్ప ఇంకేం లేదు. ముందురోజు కనిపించిన లంక అంచు చెట్లు ఆ రోజు నడుముదాకా నీళ్ళలో ఉన్నాయి.

రాజమాత వచ్చింది. డెబ్భై ఏళ్ళావిడ, పిట్టంత మనిషి. అమ్మవారికని పసుపుకుంకాలు చీర కొంగులో మూటకట్టుకుంది. కొడుకు చెయ్యి పట్టుకుని పడవ ఎక్కి, ఎదురు బల్ల మీద కూర్చుని, కొంగు సర్దుకుంది.

రాజుగారు గెడ అందుకున్నారు. నీళ్ళలో దించారు. గోదారి ఆ గెడని ఇలా లాగింది, మాట్లాడకుండా, చంటిపిల్ల చేతిలోది పెద్దవాళ్ళు తీసుకున్నట్టు. రాజుగారు రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజుకున్నారు.

ఒడ్డుకేసి చూశారు. ముందు వరసలో పదిమంది ఈతగాళ్ళు పొడిబట్టలు కట్టుకుని, తలలు దువ్వుకుని నిలబడ్డారు. వాళ్ళ పక్కన చిట్టెన్న, తాంబూలం పెట్టెతో.

రాజుగారు వంగి చిట్టెన్నని మెల్లిగా అడిగారు. "వీళ్ళు ఒడ్డున ఉన్నారేం?"

"ఎవరు, ప్రభూ?"

"ఎవరూ లేరులే."

"చిత్తం. ఎవరూ లేరు, ప్రభూ."

నూకయ్య ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఆచారం ప్రకారం నోరు మెదపలేదు. పడవ తాడు గుంజకి కట్టి ఉంది. నది దాన్ని లాగుతుంటే తాడు కిర్రు కిర్రుమంటోంది.

"ఏం నాయనా," అంది తల్లి. "ఆ మాట అను, పోదాం. అమ్మవారికి పొద్దెక్కుతుంది."

రాజుగారు నోరు తెరిచారు. మాట రాలేదు. మళ్ళీ తెరిచారు. ఎదురుగా తల్లి ఆయనకేసే చూస్తోంది. ఆ చూపులో అనుమానం రవ్వంత లేదు. పదకొండుసార్లు సభ మెచ్చినప్పుడు కూడా ఆయనకేసి అలా ఎవరూ చూడలేదు. ఎటు చూసినా నీళ్ళే, మబ్బుల కేసి చూద్దామన్నా అవి కూడా నీళ్ళలోనే ఉన్నాయి.

రాజుగారు గెడని పడవలో అడ్డంగా పెట్టారు.

"నాకు రాదమ్మా," అన్నారు.

గట్టిగా అనలేదు. అయినా ఒడ్డున చివరి మనిషి దాకా వినపడింది. ఆ రేవులో అప్పుడు కలిగిన నిశ్శబ్దం గుళ్ళో హారతి గంట మోగబోయే ముందు కలిగే నిశ్శబ్దం. ఎవరూ నవ్వలేదు. పడవవాళ్ళు తలపాగాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

నూకయ్య నీళ్ళలోకి దిగి పడవ ఎక్కాడు.

"గెడ ఇట్టా ఇవ్వండి మారాజా. మీరు అమ్మగారి పక్కన కూకుని నా కాళ్ళు చూడండి. చేతులు కాదు, కాళ్ళు."

తాడు విప్పాడు.

ఏడు రోజులు పక్కనే నిలబడి నేర్చుకున్న విద్యని రాజుగారు అప్పుడే మొదటిసారి చూశారు. నీటి మీద ఒకచోట నునుపుగా, ఒకచోట ముడతగా ఉంది. నునుపు కనిపిస్తే నూకయ్య మడమ లేచేది, ముడత కనిపిస్తే బొటనవేలు అదిమేది. చెయ్యి ఆ తరవాత కదిలేది. సుడి ఇంకా పుట్టకముందే పడవ తప్పుకునేది. రాజుగారు తనకి తెలియకుండానే రెండు చేతులూ జోడించుకున్నారు.

నడినదిలో తల్లితో అన్నారు. "అమ్మా, నాకు వచ్చనుకుని ఎక్కావా?"

"రాదని తెలుసు నాయనా," అంది ఆవిడ. "నువ్వు వీణ వాయించినప్పుడు రెండు వీణలు వినపడ్డాయి. నాకు చెవులు బాగానే ఉన్నాయి."

"మరెందుకు ఎక్కావు?"

"నువ్వు చెప్తావని."

"చెప్పకపోతే?"

"చెప్పావు కదా," అంది, కొంగుమూట తడవకుండా ఒళ్ళోకి లాక్కుంటూ.

ఎర్రటి నీళ్ళు ఆకాశం దాకా ఉన్నాయి. వాటి మీద పిట్టంత తల్లి స్థిరంగా కూర్చుని ఉంది. రెండింటిలో ఏది పెద్దదో రాజుగారికి తెలియలేదు.

అమ్మవారికి పసుపుకుంకాలు ఇచ్చి తిరిగి వచ్చేసరికి రేవులో జనం అలాగే ఉన్నారు. మంత్రిగారు చిట్టెన్న చెయ్యి పట్టుకుని సిద్ధంగా నిలబెట్టారు, పారిపోకుండా.

రాజుగారు పడవ దిగి, అతని ముందుకు వచ్చి నిలబడ్డారు.

"చిట్టెన్నా, ఇంతమంది ముందు నా పరువు గోదాట్లో కలిపావు కదరా."

"లేదు, ప్రభూ. బాగా చూసుకోండి. అమ్మగారూ తడవలేదు, పరువూ తడవలేదు."

రాజుగారు ఒక్కక్షణం అతన్ని చూశారు. ముందు పొట్ట కదిలింది, తరవాత భుజాలు కదిలాయి, తరవాత రేవు దద్దరిల్లేట్టు నవ్వారు. పదిమంది ఈతగాళ్ళకీ అప్పుడు ధైర్యం వచ్చి నవ్వారు. మంత్రిగారు చిట్టెన్న చెయ్యి వదిలేసి, తానెందుకు పట్టుకున్నారో మర్చిపోయినట్టు నిలబడ్డారు.

అక్కడికక్కడే నూకయ్యకి, అతని బిడ్డలకి ఆ రేవు ఎన్నటికీ వాళ్ళదేనని రాగిరేకు మీద రాయించి ఇచ్చారు. మర్నాటి నుంచి రోజూ ఒక జాము చదువుకి వస్తానని, తప్పు చేస్తే తప్పని చెప్పమని అడిగారు. "మొదటి ఏడాది పడవలో నీళ్ళు తోడటమే మారాజా," అన్నాడు నూకయ్య. "తోడతాను," అన్నారు రాజుగారు.

తన మెడలో ముత్యాలహారం తీసి చిట్టెన్న మెడలో వేశారు.

"ఇది నీ తెలివికి. ఇంకో బహుమానం కూడా ఉంది. ఎప్పటికైనా నాకు ఈ విద్య వచ్చిందని నేను చెప్పిన రోజున, మా అమ్మ పక్కన పడవలో కూర్చునేది నువ్వే."

చిట్టెన్న ఎర్రనీటి కేసి ఒకసారి చూశాడు. హారం సర్దుకుని, వంగి దండం పెట్టాడు.

"తమ దయ, ప్రభూ. తొందరేం లేదు. నిదానంగా నేర్చుకోండి."