గొడుగు మూట

ఓబులేసు దగ్గరున్నవి ఇరవై వరహాలు. అన్నీ పెట్టి గాలిఓడ ఎక్కడానికి చీటీ కొన్నాడు. సాయంత్రం పక్క రాజ్యంలో ఆకాశం నుంచి పట్టుగొడుగుతో దూకి చూపిస్తే రాజుగారి కొలువులో ఉద్యోగం.

ద్వారం దగ్గర తనిఖీ అధికారి భైరవయ్య గొడుగు మూట పట్టుకున్నాడు. "విప్పు."

"విప్పితే మడతకు గంట పడుతుందయ్యా. ఓడ పావుగంటలో లేస్తుంది."

"మా భటులు క్షణంలో మడిచేస్తారులే."

"సరేనయ్యా. మా పనిలో ఆచారం ఒక్కటే. మడిచినవాడే దానితో ముందు దూకాలి."

భటులిద్దరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. భైరవయ్య తలెత్తి ఆకాశం వైపు చూశాడు. మూటను పైపైన తడిమి ముద్ర వేసేశాడు.

ఓబులేసు మూట భుజాన వేసుకుని ఓడ ఎక్కాడు.

సాయంత్రం ఓడ రాజుగారి కోట మీదికి రాగానే తలుపు తెరిచారు. మడత తన చేతిదే. గడప మీద ఒక కాలు పెట్టి, ధీమాగా రెండోది ఎత్తాడు.