వీరాచారి మేస్త్రి, సన్నకర్రల వంతెన

అనగనగా కొండల నడుమ ఒక టేకడవి. ఆ అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక వాగు. ఎండాకాలంలో ఆ వాగు కుందేలుకు కూడా మోకాలు దాటేది కాదు. వానాకాలం వచ్చిందంటే మాత్రం చెట్లను వేళ్లతో సహా ఊడబెరికి పట్టుకుపోయేది.

వాగుకు ఇవతల పల్లం, అవతల మెరక. వరద వచ్చినప్పుడల్లా పల్లంలోని జంతువులన్నీ మెరకకు పరుగెత్తాలి. మధ్యలో వాగు! పోయిన ఏడు దుప్పి చంద్రమ్మ తన ఇద్దరు బిడ్డలతో దాటబోయింది. ఒక బిడ్డే అవతలికి చేరింది.

అందుకే ఈ ఎండాకాలం జంతువులన్నీ కూర్చుని ఒక మాట అనుకున్నాయి. తొలకరి పడేలోగా వాగు మీద వంతెన కట్టాలి. మరి కట్టేదెవరు?

"ఇంకెవరు? నేనే!" అన్నాడు వీరాచారి.

వీరాచారి ఒక వడ్రంగి పిట్ట. నెత్తిన ఎర్రటి కుచ్చు, ఉలి లాంటి ముక్కు. అడవిలో ఎవరికి తొర్ర కావాలన్నా అతనే తొలిచి ఇచ్చేవాడు. పనిమంతుడే, పాపం. మాటలే కాస్త ఎక్కువ. "మేస్త్రి గారూ" అంటే తప్ప పలికేవాడు కాదు. ఇంట్లో భార్య కూడా అన్నానికి అలాగే పిలవాల్సి వచ్చేది.

"వంతెనంటే ఏమిటి? దూలం! దూలమంటే ఏమిటి? పెద్ద చెట్టు! అడవిలోకెల్లా పెద్ద చెట్టు చూపించండి, చాలు" అన్నాడు వీరాచారి.

అప్పుడు ముళ్లపంది సూరమ్మ నెమ్మదిగా లేచింది.

"మేస్త్రి గారూ, నాదొక మాట. మా బొరియల దగ్గర టేకు మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతున్నాయి. చోటు చాలక అన్నీ సన్నగా సాగిపోయాయి. ఒకటి విడిచి ఒకటి తీసేస్తే మిగతావి ఒళ్లు చేస్తాయి. తీసిన కర్రల్ని పక్కపక్కన పేర్చి, అడ్డంగా తొలిచి, చెక్క చీలలు దిగగొట్టామనుకోండి. అన్నీ కలిసి ఒక్క దూలం అవదంటారా?"

వీరాచారి నవ్విన నవ్వుకు కొమ్మ మీంచి జారినంత పనైంది.

"సూరమ్మా, మనం కట్టేది వంతెనా, పెళ్లిపందిరా? పుల్లలు పేర్చి వంతెన కడతారటమ్మా!"

అందరూ నవ్వారు. సూరమ్మ ముళ్లు ముడుచుకుని కూర్చుంది.

మర్నాడు వీరాచారి వాలు మీద ఒక పెద్ద చెట్టు ఎంచాడు. దాన్ని తోయడానికి ఏనుగు ఐరావతమ్మ వచ్చింది.

"లోపల గట్టిగా ఉందో లేదో కొట్టి చూడు నాయనా" అంది ఐరావతమ్మ.

వీరాచారి టక్ టక్ టక్ మని కొట్టాడు. కొడుతూనే, నిరుడు తాను తొలిచిన తొర్ర గురించి ఉడతలకు చెప్పుకొస్తున్నాడు. తన మాటల చప్పుడులో చెట్టు చప్పుడు అతనికే వినపడలేదు.

"రాయిలా ఉంది. తోసెయ్!" అన్నాడు.

ఐరావతమ్మ తోసింది. చెట్టు పడి రెండుగా పగిలింది. లోపలంతా గుల్ల! చెదలు బారులు తీరి బయటికొచ్చాయి.

"తొర్రలు తొలిచే మేస్త్రికి గుల్ల చెట్టు తెలియలేదు!" అని వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"అది... ఇవాళ గాలి అటు వీస్తోంది" అన్నాడు వీరాచారి.

రెండో చెట్టు నిజంగానే గట్టిది. ఐరావతమ్మ దాన్ని నుదుటితో నెట్టుకుంటూ వాగు వైపు తెచ్చింది. వాలు దగ్గర మాను జారింది. దొర్లింది. దారిలో నలభై లేత చెట్లను చదును చేసి, పోయి వాగు మడుగులో తలకిందులుగా దిగబడింది.

"మేస్త్రీ, నా నడుం పడిపోయింది. ఇంకొక్క చెట్టే తోస్తాను. ఆ తర్వాత నా మొహం చూడకు" అంది ఐరావతమ్మ.

అప్పటికే పడమట మబ్బులు కమ్ముకుంటున్నాయి.

ఇక మిగిలింది ఒడ్డున ఉన్న నల్లమద్ది. అడవిలో దానికంటే పాత చెట్టు లేదు. తోస్తే నేరుగా వాగుకు అడ్డంగా పడుతుంది, లాగే పనే లేదు. వీరాచారి ఈసారి ఒక్కడే వెళ్లాడు. వినేవాళ్లెవరూ లేరు కనుక నోరు మూసుకునే పని చేశాడు.

టక్ టక్ టక్.

లోపలి నుంచి టక్ టక్ టక్ మని జవాబొచ్చింది!

వీరాచారి ఉలిక్కిపడ్డాడు. "ఎవరది?"

"నేనయ్యా, కొమ్ముముక్కు పిట్టని. నువ్వెవరు?"

చెట్టు మీద మట్టితో మూసిన తొర్ర ఒకటి కనిపించింది. మధ్యలో సన్నటి సందు. ఆ సందులోంచి ఒక ముక్కు కొస బయటికొచ్చింది.

"నేను వీరాచారి మేస్త్రిని."

"నువ్వా నాయనా! ఈ తొర్ర నువ్వు తొలిచిందే కదా. ఎంత చల్లగా ఉందనుకున్నావ్! గుడ్లు పొదగడానికి వాకిలి మూసుకుని కూర్చున్నాను. మా ఆయన ఈ సందులోంచే పళ్లు అందిస్తున్నాడు. ముగ్గురు పిల్లలు. ఇంకా రెక్కలు రాలేదు. నా ఈకలు కూడా రాలిపోయాయి, ఇప్పుడు నేనూ ఎగరలేను. ఇంతకీ ఏం పనిమీద వచ్చావు?"

వీరాచారి నోట మాట రాలేదు. అతని పుట్టుకలో అలా జరగడం అదే మొదటిసారి.

"ఊరికే... తొర్ర ఎలా ఉందో చూసిపోదామని" అన్నాడు చివరికి.

"బంగారంలా ఉంది నాయనా. వెయ్యేళ్లు బతుకు."

వీరాచారి పక్క చెట్టు మీద వాలాడు. చెట్టు తోయిస్తే లోపల నాలుగు ప్రాణాలు. తోయించకపోతే వంతెన లేదు. వరదకు చంద్రమ్మ మిగిలిన బిడ్డతో మళ్లీ ఆ వాగులోనే దిగాలి. ఇక మిగిలింది ఒకటే దారి. కానీ ఆ దారి సూరమ్మ బొరియ ముందుకు వెళుతుంది! అక్కడికి వెళ్లి ఏమని చెప్పుకోవడం?

చివరికి లేచాడు.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. "సూరమ్మా, నీ ఆలోచనకు నేను కొంచెం మెరుగు పెట్టాను" అందామనుకున్నాడు. బాగాలేదు. "నిన్ను పరీక్షిద్దామని నవ్వాను" అందామనుకున్నాడు. అదీ బాగాలేదు. తీరా బొరియ ముందు వాలేసరికి అన్నీ మరిచిపోయాడు.

"తప్పయిపోయింది సూరమ్మా. ఆ పుల్లల సంగతి ఇంకోసారి చెప్పు" అన్నాడు.

"పుల్లలు కావు మేస్త్రి గారూ, కర్రలు" అంది సూరమ్మ. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అదే వీరాచారికి ఎక్కువ నొప్పి కలిగించింది.

ఆ రోజే పని మొదలైంది. సూరమ్మ బొరియల దగ్గరి టేకు తోట చుట్టూ తిరిగింది. "ఇది ఉంచండి. అది తీయండి. అది వంకర, తీయండి. ఇది బాగా ఎదుగుతుంది, ముట్టుకోవద్దు" అని చెప్పింది. ముళ్లపందులు కొరికాయి. వీరాచారి తొలిచాడు. ఆ తొలిచే పనిలో మాత్రం అతనికి సాటి లేరు. బెజ్జాలన్నీ దారం పట్టి చూసినట్టు ఒకే వరసలో వచ్చాయి.

కానీ చీలల దగ్గర తొందరపడ్డాడు. అందిన పచ్చి కొమ్మలు చెక్కి దిగగొట్టేశాడు. రెండు రోజుల తర్వాత, దూలాన్ని రెండు రాళ్ల మీద పెట్టించి, అందరినీ పిలిచి, దాని మధ్యలో నిలబడ్డాడు.

"ఇదిగో చూడండి! కొండ కదిలినా ఇది—"

రెండెండలకు ఎండి సన్నబడ్డ చీలలు ఒక్కొక్కటే రాలిపోయాయి. కర్రలు విడిపోయాయి. మేస్త్రి గారు వెల్లకిలా దుమ్ములో పడ్డారు.

ముందుగా నవ్వింది వీరాచారే.

"పిట్టై పుట్టి, ఎగరడం మరిచిపోయి కింద పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను!" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. చిత్రం, ఈసారి ఆ నవ్వు అతనికి గుచ్చుకోలేదు.

సూరమ్మ రాలిన చీల ఒకటి అందుకుంది. "పచ్చి చీల ఎండితే సన్నబడుతుంది. బాగా ఎండిన చీల తేమ తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బి కర్రను పట్టేస్తుంది. చండ్ర చెట్టు చేవ గట్టిది. ఎండిపోయిన చండ్ర కొమ్మలు చూడండి మేస్త్రి గారూ" అంది.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు" అంది సూరమ్మ.

ఎండు చండ్ర చీలలతో మళ్లీ, ఈసారి మూడు దూలాలు కట్టారు. ఒక్క కర్ర ఒక తొండానికి తేలిక. దూలం కూడా మరీ బరువు లేదు. ఐరావతమ్మ మూడు దూలాలనూ నడుం పట్టుకోకుండానే తెచ్చి వాగు మీద పరిచింది. సాయంత్రానికి తొలకరి పడింది. నాలుగో రోజుకు వాగు పొంగింది.

చంద్రమ్మ బిడ్డతో వంతెన ముందు ఆగింది. కింద నీళ్లు హోరుమంటున్నాయి.

"దాటమంటావా మేస్త్రీ?" అని అడిగింది.

పాత వీరాచారి అయితే "కట్టింది ఎవరనుకున్నావ్?" అనేవాడు.

"ఒక్క క్షణం ఆగమ్మా" అన్నాడు. వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా వానలో తడుస్తూ టక్ టక్ మని కొట్టుకుంటూ వెళ్లాడు. నోరు మెదపకుండా విన్నాడు. చీలలన్నీ ఉబ్బి, కర్రలన్నీ ఒక్క మానులా మోగాయి.

"ఇప్పుడు దాటండి."

చంద్రమ్మ దాటింది. బిడ్డ దాటింది. కుందేళ్లు, అడవిపందులు, చివరికి అడవిదున్న కూడా దాటింది. వంతెన కిర్రుమంది కానీ కదల్లేదు. ఆ ఏడు వాగు ఎవరినీ పట్టుకుపోలేదు.

చలికాలంలో అవతలి కొండల నుంచి ఎలుగుబంట్లు వంతెన చూడటానికి వచ్చాయి.

"అబ్బో! దీనికి ఏ మహావృక్షం కొట్టారు? కనిపెట్టిందెవరు?" అని అడిగాయి.

వీరాచారి కుచ్చు అలవాటుగా లేచింది. నోరు "నే..." అనబోయింది.

"నే... నేను కాదు. అదిగో, సూరమ్మ" అన్నాడు. "ఎలా కట్టాలో ఆవిడ చెబుతుంది. ఎలా కట్టకూడదో అడగండి, అందులో నాకున్న అనుభవం ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు!"

ఎలుగుబంట్లు నేల మీద పడి దొర్లి నవ్వాయి. తర్వాత లేచి, బుద్ధిగా సూరమ్మ వెంట టేకు తోటలోకి నడిచాయి. ఏ చెట్టు తీయాలో, ఏ చెట్టు ఉంచాలో నేర్చుకోవడానికి.

నీతి: పెద్ద పనికి పెద్ద చెట్టునే నరకక్కర్లేదు. అడవికి భారంగా పెరిగిన సన్నకర్రలను ఏరి, తెలిసినవాళ్లను అడిగి, కలిపి కడితే పనీ నిలుస్తుంది, అడవీ నిలుస్తుంది.